నరవాహనము – శ్రావక ధర్మము

ధనాధిపతియైన కుబేరునకు అమరకోశములో పెక్కు నామములు కలవు. వాటిలో నరవాహనుడు అనునది ఒకటి. ఇతర దేవతలకు ఎద్దు, గరుడుడు, ఎలుక, నెమలి వాహనములు కాగా ధనముగల దేవునకు మాత్రము మనిషియే వాహనమైనాడు. ఈ పేరు పెట్టినవారు పరిహాసమునకు పెట్టిరో, లోకమును చూచి పెట్టిరో గాని, వర్తకులు ఒకసారి నిదానముగ తలచుకొనదగిన పేరు. డబ్బుగలవాడు కూర్చుండును, లేనివాడు మోయును. ఇది ధర్మమేనా?

ఈ ప్రశ్న జైన గృహములలో కొంత పదునుగ వినబడుటకు కారణము కలదు. చాతుర్మాస్యము ముగియగనే సాధుసాధ్వులు కాలినడకన విహారము సాగింతురు. ఎండ కాయుచున్నను, దారి రాళ్ళమయమైనను చెప్పులు లేకయే నడచుదురు. బండి గాని, రైలు గాని, మోటారు గాని ఎక్కరు. వారిని ఊరి పొలిమేరవరకు సాగనంపిన శ్రావకుడు తిరుగుదారిలో ఆటో ఎక్కి దుకాణము చేరును. అందు తప్పులేదు, గృహస్థునకు అణువ్రతములే గాని మహావ్రతములు లేవు. అయితే ఆ ఆటోకు బదులు ఒక మనిషి లాగు రిక్షా నిలిచియున్నచో? యాత్రాస్థలమున కొండ మెట్ల క్రింద నలుగురు డోలీ దించి "రండి సేఠ్‌జీ" అని పిలిచినచో? అప్పుడేమి చేయవలెను?

దేవదుర్గ వంటి ఊరిలో ఇది క్రొత్త ప్రశ్న కాదు. బొంబాయి వైపు రైలు, మదరాసు వైపు రైలు 1871లో రాయచూరులో కలిసినవి. దేవదుర్గకు మాత్రము రైలు రానేలేదు. రాయచూరులో దిగిన సరకైనను, మనిషియైనను ఎద్దుబండి మీదనే రావలసియుండెడిది. ఉత్తరమున కృష్ణ దాటవలెనన్న పుట్టియే గతి. వెదురు అల్లి, పైన తోలు కప్పిన ఆ గుండ్రని పుట్టిలో జైన వర్తకునకు రెండు సంకటములు ఉండెడివి. క్రింద తోలు, ఎదుట చెమటలు కార్చుచు తెడ్డు వేయు మనిషి. తోలు తగిలినదని ఇంటికి వచ్చి స్నానము చేసి నొచ్చుకొన్నవారు ఉందురు. తెడ్డు వేసినవాడు ఆ పూట తినెనా అని నొచ్చుకొన్నవారు అంతమంది ఉండిరా యనునది సందేహమే. కలవారి ఇండ్ల పెండ్లిండ్లకు బోయీలు మేనా మోసెడివారు. ఇప్పుడు మేనాలు లేవు. టంటంలు, ఆటోలు వచ్చినవి. పత్తి తీయు కాలమున నలుగురు కూర్చుండదగిన బండిలో పదిమందిని కుక్కి పొలములకు తోలుకొని పోవుట చూచుచునేయున్నాము. యంత్రమునకు నొప్పి లేదు గాని లోపల నలుగువారికి ఉన్నది. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

శాస్త్రము ఈ విషయమున మౌనము వహింపలేదు. అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మితిమించిన బరువు మోపుట, తిండినీళ్ళు అందకుండ చేయుట. తత్త్వార్థసూత్రమున ఇవి కలవు. ఉపాసకదశాంగమున ఆనంద శ్రావకునకు మహావీరస్వామి ఉపదేశించినవాటిలోను కలవు. శ్వేతాంబరులకు, దిగంబరులకు ఇందు భేదము లేదు. నాలుగవదియగు అతిభారారోపణము పశువులను గూర్చిన మాటయని చాలమంది తలచుదురు. గోశాలలకు, పాంజరాపోలులకు ధారాళముగ విరాళములిచ్చు చేతులు ఈ తలంపుతోనే ఇచ్చుచున్నవి. అది మెచ్చదగినదే. కాని శ్రావకాచారమును విడమరచి చెప్పిన పూర్వ వ్యాఖ్యాతలు ముందుగ రెండు కాళ్ళవాని మాట చెప్పి, పిమ్మటనే నాలుగు కాళ్ళదాని మాట చెప్పిరి. బరువులు మోయించి బ్రతుకు వృత్తిని మానుటయే మేలట. మానలేనిచో మనిషికి అతడు తానుగ ఎత్తుకొని తానుగ దించుకొనగలిగినంత బరువే పెట్టవలెను. పశువునకు అది మోయగలదానికంటె కొంత తక్కువ పెట్టి, వేళకు కాడి విప్పవలెను.

తానుగ ఎత్తుకొని, తానుగ దించుకొనుట! కిలోల లెక్క లేకుండనే ఎంత చక్కని తూనిక చెప్పిరి. ఈ తూనికను ముందు దుకాణములోనే పెట్టి చూడవచ్చును. 100 కిలోల బస్తాను ఏ హమాలియు తానుగ ఎత్తుకొనడు. ఇద్దరు పట్టి అతని వీపుపై వేయుదురు. దారిలో కాలు జారినను, ఊపిరి ఆడకున్నను దించుకొనలేడు. లారీవరకు పోయి తీరవలసినదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఈ విషయమై ఒప్పందము చేసి, మగవాడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని దానితోపాటు సిఫారసు చేసినది. భారతదేశము ఆ ఒప్పందమును 2010లో ఆమోదించినది. వ్యాఖ్యాతల మాట అంతకు ఎన్నియో శతాబ్దములు ముందుది. సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమున మరియొక అడుగు ముందుకు వేసిరి. అధిక భారము మోయించుటను, శక్తికి మించి నడిపించుటను అపరిగ్రహ వ్రతమునకు సంబంధించిన దోషములలో కూడ చేర్చిరి. అనగా ఆ బరువు వీపుపై పడకముందు లోభముగ మనస్సులో పుట్టుచున్నదని వారి భావము. వర్తకునకు ఇంతకంటె సూటిగ చెప్పుట కష్టము.

ఇక సరకు మాట విడిచి, మనిషిని మోయు మనిషి మాట చూతము. రిక్షా పుట్టిల్లు జపాను. 1869 ప్రాంతమున అచ్చట వాడుకలోనికి వచ్చినది. దాని జపాను పేరునకు అర్థమే మనిషి బలముతో నడచు బండి యని. 1880 ప్రాంతమున సిమ్లా కొండలకు వచ్చినది. కలకత్తాలో చీనావారు తమ సరకులు లాగుటకు తెచ్చుకొన్న రిక్షాలు మెల్లగ మనుషులను లాగసాగినవి. 1919 నాటి చట్టములో వాటికి చోటు దొరికినది. ఈ చేతి రిక్షాలో ఒక విశేషము గమనింపవలెను. ఎక్కినవాడు కూర్చుండియుండగ లాగువాడు కఱ్ఱలు విడిచినచో బండి వెనుకకు తిరగబడును. కావున దారి మధ్యలో అతడు బరువు దించుకొనలేడు. ఎక్కినవాడు ముందు దిగవలెను. శాస్త్రము చెప్పిన తూనికలో ఇది మొదటి ఘట్టముననే తప్పినది.

తెలుగు పట్టణములలో ఎక్కువగ తిరిగినది సైకిలు రిక్షా. బెజవాడ, రాజమండ్రి, గుంటూరు, హైదరాబాదు వీధులలో తరములు దాని మీదనే సినిమాలకు, ఆసుపత్రులకు, రైలు స్టేషనులకు పోయినవి. దానికి గేర్లు లేవు. ఎత్తు వచ్చినచో త్రొక్కువాడు దిగి చేతితో లాగవలెను. పల్లము వచ్చినచో ముందుచక్రమునకు ఉన్న ఒక్క బ్రేకుతో మొత్తము బరువు ఆపవలెను. ఎత్తు వచ్చినప్పుడు తాముగ దిగి నడచిన ప్రయాణికులు ఉండెడివారు. దిగక గొడుగు పట్టుకొని కూర్చున్నవారును ఉండెడివారు. ఎక్కినవానికి కనబడునది త్రొక్కువాని వీపే గాని ముఖము కాదు. హింసకు మూలము ప్రమాదమని, అనగా ఏమరుపాటని ఉమాస్వామి చెప్పెను. ముఖము కనబడని చోట ఏమరుపాటు సులభము.

పుణ్యపాపముల లెక్కలో ఎక్కినవాడొక్కడే లేడు. బండి యజమాని కలడు. పెక్కు ఊళ్ళలో రిక్షా త్రొక్కువానిది కాదు. దినమునకింతయని కిరాయికి తెచ్చుకొన్నది. బేరము దొరికినను, దొరకకున్నను, వాన వచ్చినను, జ్వరము వచ్చినను సాయంకాలమునకు ఆ కిరాయి కట్టవలెను. ఒళ్ళు మాట వినకున్నను ఆగుటకు వీలులేదు. ఎత్తుకొన్న బరువు సీటు మీది మనిషి మాత్రమే కాదు, ఆ కిరాయి కూడ. దానిని దించుకొనుట అతని వశములో లేదు. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో భాటక కర్మ యనునది ఒకటి. బండ్లను, పశువులను కిరాయికి త్రిప్పి జీవించుట. పూర్వులు రిక్షాలను చూచి వ్రాయలేదు. అయినను రిక్షాలు కొని కిరాయికి ఇచ్చి, మరునాడు పూజకు కూర్చుండిన శ్రావకుడు ఎవడైన ఉన్నచో, అతడు ఆ పేరు ఒకసారి చదువుకొనవలసియుండెను.

పంజాబు రాష్ట్రము 1975లో త్రొక్కువానికే బండి సొంతమై ఉండవలెనని చట్టము చేసినది. త్రొక్కువారియొద్ద కొనుటకు డబ్బేది? అమృతసరు రిక్షా కార్మికుల సంఘము సుప్రీంకోర్టుకు పోగా, 1980లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ ఆ చట్టమును కొట్టివేయకయే, బ్యాంకు అప్పుతో వారు తమ బండ్లకు తామే యజమానులగు ఏర్పాటు చేయించిరి. మంచి ఉద్దేశముతో చేసిన నిషేధమైనను చేతిలో ఏమియు పెట్టకుండ వచ్చినచో పేదవానిమీదనే పడునని ఆ తీర్పువలన తేటపడినది. అంతకుముందు 1973లో తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి చేతి రిక్షాలను మాన్పినపుడు లాగువారికి సైకిలు రిక్షాలు ఇప్పించిరి. పశ్చిమ బెంగాలు శాసనసభ 2006లో చేతి రిక్షాను మాన్పుటకు చట్టసవరణ చేసినను, వ్యవహారము కోర్టుకెక్కి, కలకత్తా పాత వీధులలో ఆ బండ్లు మిగిలిపోయినవి. మోటారులకు ప్రవేశము లేని మహారాష్ట్రపు మాథేరాన్ కొండపై మనుషులు లాగు రిక్షాలను ఆరు నెలలలో మాన్పవలెనని 2025 ఆగస్టు 6న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. మనిషి మనిషిని లాగుట మానవ గౌరవమునకు తగదని చెప్పుచు, లాగినవారికే విద్యుత్తు రిక్షాలు అందించు ఏర్పాటు చేయవలెననియు, డబ్బు లేదను సాకు చెల్లదనియు పలికినది.

కోర్టు చెప్పిన ఈ రెండవ మాట శాస్త్రములోని అయిదవ అతిచారమునకు సరిపోవుచున్నది. అతిభారారోపణమునకు ప్రక్కనే అన్నపాననిరోధము నిలిచియున్నది. ఒకటి బరువు మోపుట, రెండవది తిండి ఆపుట. ఎక్కినచో మొదటిదానికి భయపడవలెను. ఎక్కక ముఖము త్రిప్పుకొని పోయినచో రెండవదానికి భయపడవలెను. "నేను రిక్షా ఎక్కను, నాకు పాపము వద్దు" అని నడచిపోయినవాడు తన కాళ్ళను శుద్ధముగ ఉంచుకొన్నాడు. సాయంకాలము రిక్షావాని ఇంట పొయ్యి వెలిగెనా లేదా అనునది అతని లెక్కలోనికి రాలేదు.

జైనులకు ఈ చిక్కు అన్నిటికంటె దగ్గరగ వచ్చునది తీర్థములలోనే. ఇరువది మంది తీర్థంకరులు మోక్షమొందిన సమ్మేద శిఖరమున ఎక్కి, చుట్టి, దిగి వచ్చుటకు 27 కిలోమీటర్ల నడక. శత్రుంజయమున మూడు వేలకు పైగ మెట్లు. దగ్గరిదైన శ్రవణబెళగొళ వింధ్యగిరికి ఆరు వందలకు పైగ మెట్లు. అన్నిచోట్ల డోలీలు కలవు. అహింస పేరుతో వెలసిన కొండలకు మనుషుల భుజములపై ఎక్కిపోవుట చూచి పరదేశీయులు ఆశ్చర్యపడుటలో ఆశ్చర్యము లేదు. నడవలేని వృద్ధ సాధుసాధ్వులను చక్రముల కుర్చీలలో త్రోయుచు ఊరూర తీసికొనిపోవుట కూడ ఇప్పుడు కనబడుచున్నది. వారి వైరాగ్యమును ప్రశ్నించుట ఎవరికిని తగదు. కాని ఆ కుర్చీ త్రోయువాడు రోజుకెంత నడచుచున్నాడో, రాత్రి ఎచ్చట పండుకొనుచున్నాడో చూచు బాధ్యత సాధ్వీజీది కాదు, ఏర్పాటు చేసిన సంఘముది. విహారమున వెంటనున్న భక్తులకు భోజనము సిద్ధపరచునపుడు అతని పేరు పట్టికలో ఉన్నదా అని అడుగుట చిన్న విషయము కాదు.

గిర్నార్ కొండకు రోప్‌వే రాకమునుపు జరిగిన సంగతి యొకటి దేవదుర్గలో చెప్పుకొందురు. ధాన్యము వ్యాపారము చేయు అన్నదమ్ములిద్దరు యాత్రకు పోయిరి. అన్నకు అరువదియైదేండ్లు, మోకాళ్ళు పనిచేయవు. కన్నుమూయులోగ నేమినాథస్వామిని చూడవలెనని వ్రతము. నేమినాథుని ఆలయమునకు దాదాపు నాలుగు వేల మెట్లెక్కవలెను. గిర్నార్‌లో డోలీ కిరాయి మనిషి బరువును బట్టి ఉండెడిది. ఎక్కువాడు ముందుగ పెద్ద త్రాసులో కూర్చుండవలెను. ధాన్యపు బస్తా తూచినట్లు తూచుదురు. నలుబది యేండ్లు తూకపు కొక్కెము ప్రక్కన నిలిచిన వ్యక్తి మొదటిసారి తానే త్రాసులోనికెక్కెను. తూచినవాడు అంకె గట్టిగ కేకవేసెను. తమ్ముడు అలవాటు చొప్పున వెంటనే బేరమునకు దిగి నూరు రూపాయలు తగ్గింపుమనెను. పెద్దాయన త్రాసులోనుండి దిగిపోయెను.

"ఏమైందన్నా?" అని తమ్ముడు అడుగగ, "నా బరువు తగ్గించలేవు గదరా, వాళ్ళ కూలి ఎట్ల తగ్గిస్తవు? నేను ఎక్కను. ఇక్కడినుంచే దండం పెట్టుకుంట" అనెను.

"నువ్వు ఎక్కకపోతే వాళ్ళ పొయ్యిలో పిల్లి లేస్తదా అన్నా? పొద్దున్నించి కూర్చున్నరు పాపం" అని తమ్ముడు.

ఇద్దరి మాటలోను నిజము కలదు, అదియే చిక్కు. పెద్దాయన మరియొక మార్గము ఆలోచించెను. పూర్తి కిరాయి ఇచ్చి, ఖాళీ డోలీతో వారిని వెంట నడిపించి, తాను కూర్చుండుచు లేచుచు పోగలిగినంత దూరము పోవుట. ఆ మాట విని డోలీవారిలో వృద్ధుడు నవ్వెను. పని చేయించక డబ్బిచ్చుట భిక్షము, తాము బిచ్చగాండ్రము కామనెను. తాము కోరునవి రెండేయట. ఒప్పుకొన్న కిరాయి పైకి పోయినపిదప తగ్గింపరాదు. తాము దించుకొందుమన్న చోట దించుకొననీయవలెను. "తొందరగ నడవండి, హారతి వేళ మించిపోవును" అని పైనుండి తరుమరాదు. బరువు కంటె ఆ తరుముటయే తమ మోకాళ్ళు తీయుచున్నదనెను.

ఆ వృద్ధుడు శ్రావకాచారము చదివినవాడు కాడు. అయినను వ్యాఖ్యాతలు చెప్పినదానిలో రెండవ సగము అతని నోట వచ్చినది. ఎత్తుకొనుటకు ఒప్పుకొన్నామని, దించుకొను అధికారము తమయొద్దనే ఉండవలెనని అతని కోరిక. మనిషిని మోయు పని కూలియా, హింసయా యని తేల్చుటకు చూడవలసిన చోటు ఇదే. బరువెంత యనునది పిమ్మటి మాట. కిరాయి బండివానికి, తరుమబడు డోలీవానికి, పొలమునకు పోవు బండిలో నలుగు కూలికి లోపించునది ఈ అధికారమే.

పెద్దాయన ఎక్కెను. ఎక్కుట సరియే యని అతడు ఆ దినమునను అనలేదు, తరువాతను అనలేదు. వారు దించినన్ని సార్లు దించిరి. సమముగ ఉన్న చోట కొన్ని మెట్లు తానే నడచెను. ఆలయము చేరుసరికి తమ్ముడు ముందుగ అనుకొన్న వేళ దాటిపోయినది. ఆలయమున కూర్చుండినపుడు అతనికి ఆ స్వామి కథయే జ్ఞప్తికి వచ్చినదట. పెండ్లికి పోవు నేమికుమారుడు విందుకొఱకు కట్టివేసిన పశువుల ఆక్రందనము విని రథము త్రిప్పించెను. ఈ భాగము అందరును చెప్పుదురు. ఉత్తరాధ్యయన సూత్రము ఇంకొక చిన్న సంగతి చెప్పుచున్నది. వివాహమును, వాహనమును విడుచుచు ఆయన తన కుండలములను, కంఠాభరణమును, ఒంటిమీది నగలన్నిటిని సారథికి ఇచ్చెను. బండి దిగినవాడు బండి తోలినవానిని వట్టిచేతులతో పంపలేదు.

గిర్నార్‌పై 2020 అక్టోబరు 24న రోప్‌వే ప్రారంభమైనది. పొడవు 2.3 కిలోమీటర్లు, అంబాజీ శిఖరము వరకు పోవును. అచ్చటినుండి మెట్లు దిగివచ్చి నేమినాథుని దర్శింపవచ్చును. వయసు మీరినవారికి ఇది గొప్ప మేలు. మనిషి భుజమునకు కూడ మేలు. గాలి ఎక్కువైన దినములలో మాత్రము నిలిపివేయుదురు. పెద్దాయన కుమారుడు యాత్రకు బయలుదేరగ, తండ్రి ఒక డోలీ కిరాయికి తగిన సొమ్ము కవరులో పెట్టి, క్రింద కాచుకొనియున్న డోలీవారెవరికైన ఇమ్మని చెప్పెను. కుమారుడు తిరిగివచ్చి కవరు చేతిలో పెట్టెను. "రోప్‌వేలో పోయి వచ్చినం నాయనా. డోలీ ఎక్కనేలేదు. ఎక్కనిదానికి కిరాయి ఎట్లిచ్చేది? ఇచ్చినా వాళ్ళు ఊరికే తీసుకోరని నువ్వే చెప్తివి గద" అనెను.

తండ్రి దానికి బదులు చెప్పలేదు. ఖాతా పుస్తకము తెప్పించి, గిర్నార్ డోలీవారి పేరిట ఆ మొత్తము తాను ఈయవలసిన బాకీగ వ్రాయించెను. దీపావళి నాడు క్రొత్త పుస్తకమునకు పూజచేసి తెరచినపుడు, గుమాస్తా ఆ పద్దు ఏమి చేయవలెనని అడిగెను. ముందుకు వ్రాయుమని చెప్పెను.